పిల్లల భద్రతకు నియమాలు పెడదామంటే ‘మనవాళ్లనే అనుమానిస్తావా’ అంటున్నారు

ఆదోని ప్రాంతంలోని ఒక పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఆరు పేజీల ఉత్తరాన్ని, ఆమె ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి, ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె తొమ్మిదేళ్లుగా తమ చర్చి సంఘంలో సండే స్కూల్ నడుపుతున్నారు. ఆదివారం యాభై అరవై మంది పిల్లలు వస్తారు. మే నెలలో పది రోజులు జరిగే, వేసవి సెలవుల బైబిలు బడి అయిన వీబీఎస్‌కు పక్క పల్లెల వాళ్లు కూడా కలిసి ఆ సంఖ్య రెట్టింపవుతుంది. వర్షాధారపు నేలలు కావడం వల్ల సంక్రాంతి దాటగానే ఊళ్లో సగం ఇళ్లు సుగ్గికి, అంటే వలస పనులకు, పోతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు కొందరు, ఇళ్ల కట్టడం పనులకు బెంగళూరుకు కొందరు వెళ్తారు. పిల్లలు అవ్వల దగ్గర మిగులుతారు. ఆ రోజుల్లో వాళ్ల సాయంత్రాలు చాలావరకు చర్చి దగ్గరే గడుస్తాయి.

నిరుడు ఆమె, చర్చిల్లో పనిచేసేవారికీ స్వచ్ఛందంగా సాయపడేవారికీ కర్నూలులో ఒక రోజు జరిగిన పిల్లల భద్రత శిక్షణకు వెళ్లారు. అక్కడ విన్నవన్నీ నోటు పుస్తకంలో రాసుకొచ్చి సంఘ పెద్దల ముందు పెట్టారు. పిల్లలున్న చోట ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలని, గది తలుపు తెరిచి ఉంచాలని, ఏ ఒక్కరూ ఒక్క పిల్లవాడిని బండి మీద ఒంటరిగా తీసుకుపోకూడదని, పిల్లల ఫోటోలు ఎవరి ఫోన్లో వారు తీసి స్టేటస్‌లో పెట్టకూడదని, కొత్తగా సేవకు వచ్చేవారి గురించి విచారించాకే పిల్లల దగ్గరికి పంపాలని ఆమె చదివి వినిపించారు. అంతా విన్న ఒక పెద్ద, “ఇది ఎవరిని మనసులో పెట్టుకొని చెబుతున్నావమ్మా?” అని అడిగారు. ఆమె జవాబివ్వలేక తల వంచుకున్నారు. ఆ మౌనమే పెద్ద మాట అయిపోయింది. మనమంతా ఒక కుటుంబమని, సంఘంలో అనుమానపు విత్తనం నాటవద్దని, ఎవరిలోనైనా తప్పు కనిపిస్తే మత్తయి సువార్త 18వ అధ్యాయం చెప్పినట్టు ముందు ఏకాంతంగా ఆ సహోదరుడితోనే మాట్లాడాలని పాస్టరు గారు అన్నారు. పుస్తకం మూతపడింది.

ఆమె మనసులో నిజంగానే ఒకరు ఉన్నారు. కీబోర్డు వాయిస్తూ పిల్లలకు పాటలు నేర్పే 24 ఏళ్ల కుర్రవాడు అతడు, ఆమె భర్తకు సొంత అక్క కొడుకు. ఆమెను నోరారా ‘అత్తా’ అని పిలుస్తాడు. చర్చి మీద రేకులు వేయించింది వాళ్ల కుటుంబమే. సాయంత్రం కూటం అయ్యాక పిల్లలను ఒక్కొక్కరిగా బండి మీద ఇళ్ల దగ్గర దింపుతాడు, చాక్లెట్లు పంచుతాడు, ఆడుకోమని తన ఫోను ఇస్తాడు. అమ్మానాన్నలు గుంటూరు పోయిన మూడో తరగతి పిల్లవాడొకడు రెండు నెలలుగా ఆ బండి ఎక్కనంటున్నాడు. “నేను నడిచే పోతా” అంటూ ఆమె కొంగు వెనక్కి వచ్చి నిలబడుతున్నాడు. కారణం అడిగితే చెప్పడు. భర్తతో అంటే, “మా అక్క ముఖం ఎట్ల చూడాల? మనకెందుకు?” అన్నారు.

పిల్లవాడిని గట్టిగా అడగాలా, ఫిర్యాదు చేయాలా, చేసి అది తప్పని తేలితే తన మీదే కేసు పడుతుందా, ఇవన్నీ వదిలేసి సండే స్కూల్ మానుకోవాలా అన్నవి ఆమె ప్రశ్నలు. చివర ఒక వాక్యం ఉంది: “మొదట్లో ఆ పిల్లవాడిని ఆ బండి ఎక్కించి పంపింది నేనే.”

* * *

మీ పాస్టరు గారి మాట విని మీరు కుంగిపోయారు గానీ, నాకు మాత్రం ఆ పెద్ద అడిగిన ప్రశ్న దగ్గరే ముడి పడినట్టు కనిపిస్తోంది. పిల్లలతో పనిచేసే ప్రతి చోటా ఉండవలసిన నియమాలు ఒక విషయం. మీ మేనల్లుడి వరస కుర్రవాడి ప్రవర్తన మరొక విషయం. మీ మనసులో రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి సభలోనూ కలిసిపోయాయి. నియమాల గురించి మీరు మాట్లాడినంతసేపు విన్నవారికి నింద వినిపించింది, నింద నోటితో అనలేకపోయినందువల్ల నియమాలు వీగిపోయాయి. ఈ రెండింటినీ విడదీసి, రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులతో, వేర్వేరు తొందరతో నడపవలసి ఉంటుంది. వీబీఎస్ నియమాలకు మే నెల దాకా వ్యవధి ఉంది. పిల్లవాడి సంగతికి అంత వ్యవధి లేదు కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

మీరు రాసినవాటిని బట్టి నేరం జరిగిందని అనలేము. చాక్లెట్లు పంచేవాళ్లు, పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఆ పిల్లవాడు బండి వేగానికి భయపడి ఉండవచ్చు, తోటి పిల్లలు ఎగతాళి చేసి ఉండవచ్చు. అయితే పిల్లలను వలలో వేసుకునేవారు మొదట చేసే పని కూడా బయటికి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. మచ్చిక చేసుకోవడం అంటే అదే. ఒక పిల్లవాడికి ప్రత్యేకంగా ఏదో ఇవ్వడం, ఇంట్లో దొరకనిది ఫోన్లో చూపించడం, ఒంటరిగా దొరికే సమయం కల్పించుకోవడం, ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న చిన్న రహస్యంతో మొదలుపెట్టడం, అంతకంటే ముందుగా చుట్టూ ఉన్న పెద్దల నమ్మకం సంపాదించడం అందులో భాగాలు. మంచి మనసుతో చేసే పనికీ దీనికీ తేడా దూరం నుంచి చూసి చెప్పడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. మీకు అనుమానం రావడం పాపమేమీ కాదు, అలాగని అనుమానం రుజువూ కాదు.

కాబట్టి పిల్లవాడిని ‘గట్టిగా’ అడగవద్దు. “ఆ అన్న నిన్ను ఏమన్నా చేశాడా?” అని అడిగితే భయపడిన పిల్లవాడు లేదంటాడు, మిమ్మల్ని సంతోషపెట్టాలనుకునే పిల్లవాడు అవునంటాడు. ఆ రెండు జవాబులూ ఎందుకూ పనికిరావు, పైగా రేపు నిజంగా విచారణ జరిగితే అడ్డమవుతాయి. దానికి బదులు ఈ సాయంత్రం నుంచే వాడు ఆ బండి ఎక్కే అవసరం లేకుండా చేయండి. వాడు నడిచే పోతానన్నాడు కదా, నడవనివ్వండి. మీరూ ఇంకొక ఆడమనిషీ కలిసి ఆ వీధి పిల్లలందరినీ గుంపుగా ఇళ్లకు చేర్చండి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఎవరినీ వేలెత్తి చూపనక్కరలేదు. దారిలో వాడి పక్కన నడుస్తూ, బండి ఎక్కడం ఇష్టం లేకపోతే ఎక్కనక్కరలేదని, ఏ విషయమైనా మీతో చెప్పవచ్చని, చెప్పినందుకు ఎవరూ కోప్పడరని ఒక్కసారి అని ఊరుకోండి. వాడి అవ్వతోనూ, ఫోన్లో వాడి అమ్మతోనూ మాట్లాడండి. కుర్రవాడి పేరు ఎత్తకుండా, పిల్లవాడు దిగులుగా ఉన్నాడని, నిద్రలో ఉలిక్కిపడడమో అన్నం సరిగా తినకపోవడమో గమనిస్తే చెప్పమని అంటే చాలు.

వాడు ఏదైనా చెబితే అప్పుడు పరిస్థితి మారిపోతుంది. మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకునే వీలు మీకు ఉండదు. ఇంటికి రాగానే వాడు వాడిన పదాలనే, అవి ఎంత మోటుగా ఉన్నా, తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఆ తరువాత వాడిని పెద్దల ముందు కూర్చోబెట్టి మళ్లీ చెప్పించడం గానీ, ఆ కుర్రవాడిని పిలిచి ఎదురెదురుగా పంచాయితీ చేయడం గానీ జరగకూడదు. మన పల్లెల్లో మంచి ఉద్దేశంతోనే చేసే ఈ పని వల్ల పిల్లవాడు రెండోసారి నలిగిపోతాడు, అవతలివాడికి సర్దుకునే సమయం దొరుకుతుంది.

ఇక్కడ చట్టం ఏమంటుందో మీకూ మీ పాస్టరు గారికీ తెలియడం మంచిది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది, అందులో ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా లేదు. (మగపిల్లలకు ఏమవుతుందిలే అన్న ధీమా మన దగ్గర ఎక్కువ కాబట్టి ఈ మాట విడిగా చెబుతున్నాను.) నేరం జరిగిందని తెలిసినవారే కాదు, జరగబోతోందన్న భయం కలిగినవారు కూడా పోలీసులకు తెలపాలని 19వ సెక్షన్ అంటుంది. నేరం గురించి తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. ఒక సంస్థకు బాధ్యుడిగా ఉన్నవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాచితే అది ఏడాది దాకా జైలు, జరిమానా. అంతేకాదు, మత సంస్థ యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్నవారు ఆ సంస్థలోని పిల్లల మీద చేసిన లైంగిక నేరాన్ని చట్టం మరింత తీవ్రమైనదిగా లెక్కిస్తుంది. సంఘం విషయం సంఘంలోనే తేల్చుకుంటామనే వీలు ఈ ఒక్క సంగతిలో ఎవరికీ లేదు.

మీ మీదే కేసు పడుతుందేమోనన్న భయానికి జవాబు కూడా అదే చట్టంలో ఉంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద, అది చివరికి రుజువు కాకపోయినా, సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు. ఒకరి పరువు తీయడానికో, బెదిరించడానికో, డబ్బు గుంజడానికో కావాలని ఇచ్చిన తప్పుడు ఫిర్యాదుకే శిక్ష ఉంది. మీ ఉత్తరం చదివిన ఎవరికైనా మీరు ఆ కోవలోకి రారని తెలుస్తుంది.

ఇప్పుడే ఫిర్యాదు చేయాలా అన్నది మీరే తేల్చుకోవలసిన ప్రశ్న. మధ్యే దారి ఒకటి ఉంది. పగలూ రాత్రీ పనిచేసే పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఫోన్ చేసి, మీరు చూసింది చూసినట్టు, ఊహ కలపకుండా చెప్పి సలహా అడగవచ్చు. దానివల్ల ఇలాంటివి రోజూ చూసే మనిషి అభిప్రాయం మీకు దొరుకుతుంది. వారు విచారణ అవసరమని భావిస్తే ఊళ్లోకి అధికారులు రావచ్చు, అప్పుడు కబురు మోసింది ఎవరన్న చర్చ మొదలవుతుంది, ఇంట్లో మీ వదిన మాటా పడవలసి రావచ్చు. ఆ కష్టం చిన్నదని నేను అనను. ఫోన్ చేయకుండా పిల్లవాడిని కాపు కాస్తూ కొన్నాళ్లు చూస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ ఆ బండి ఎక్కే మిగతా పిల్లల భారం మీ ఒక్కరి మీదే పడుతుంది. నేనైతే ఫోన్ చేస్తాను. పిల్లవాడు నోరు విప్పి చెప్పిన రోజున మాత్రం ఈ ఎంపిక ఉండదు, 1098కో అత్యవసర నంబరు 112కో స్థానిక పోలీసులకో అదే రోజు తెలపాలి. పోలీసు స్టేషన్ అనగానే మీరు భయపడుతున్నట్టున్నారు. ఈ కేసుల్లో పిల్లవాడి వాంగ్మూలాన్ని వాడి ఇంట్లోనో వాడికి ఇష్టమైన చోటో, వీలైనంతవరకు ఎస్సైకి తక్కువ కాని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా వచ్చి తీసుకోవాలి. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. పోలీసులు 24 గంటల్లో జిల్లా బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. విచారణ సాగినంతకాలం పిల్లవాడికి తోడుగా ఉండడానికి ఒక సహాయకుడిని ఆ సమితి నియమించవచ్చు. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లవాడికి అది చిన్న ఆసరా కాదు.

మత్తయి 18వ అధ్యాయం మాట కూడా చెప్పాలి. తప్పు చేసిన సహోదరుడితో ముందు ఒంటరిగా మాట్లాడమన్నది ఆ అధ్యాయం 15వ వచనంలో ఉన్న మాట నిజమే. కానీ చిన్నవారికి హాని చేసేవాడి మెడకు తిరుగటి రాయి కట్టి సముద్రంలో ముంచడమే అతడికి మేలన్న మాట అదే అధ్యాయం 6వ వచనంలో, అంతకంటే ముందే ఉంది. ఏకాంతంగా మాట్లాడడం అన్నది ఇద్దరు పెద్దవాళ్ల మధ్య వచ్చిన తగాదాకు చెప్పిన దారి. ఎనిమిదేళ్ల పిల్లవాడికీ 24 ఏళ్ల మనిషికీ మధ్య దాన్ని పెడితే అది హెచ్చరికగా మాత్రమే పనిచేస్తుంది, ఆ హెచ్చరిక అందేది కూడా పెద్దవాడికే. మీరు బోధకులతో వాదానికి దిగమని కాదు, పాస్టరు గారు తీరికగా ఉన్నప్పుడు ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి కలిసి చదువుదామని అడగండి.

ఇక నియమాలు. మీరు రాసుకొచ్చిన జాబితా బాగుంది, దాన్ని పెద్దల సభలో పెట్టిన తీరే బాగాలేదు. ఈసారి సభకు పోకుండా ముందు పాస్టరు గారితో, వీలైతే పాస్టరమ్మ గారి ఎదుటే మాట్లాడండి, మాట వీబీఎస్ ఏర్పాట్ల మీదే నిలపండి. 2020 నాటి పోక్సో నిబంధనల్లో, పిల్లలతో తరచూ మెలిగే సంస్థలు తమ సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు విచారించుకోవాలని, పిల్లల భద్రతపై వారికి తరచూ శిక్షణ ఇప్పించాలని ఉంది. సండే స్కూల్ అన్న పేరు అందులో విడిగా లేదు, జీతం లేని సేవకుల మాటా లేదు. కానీ వందమంది పిల్లలను పది రోజులు కూర్చోబెట్టేవారు ఆ నిబంధన తమకు కాదని తప్పుకోవడం అందంగా ఉండదు. ఇది లోకస్థుల గోల అని ఎవరైనా అంటే, కతోలిక సంఘంలో పోప్ ఫ్రాన్సిస్ 2014లోనే మైనర్ల రక్షణకు ప్రత్యేక కమిషన్ ఏర్పరచారని గుర్తు చేయవచ్చు. పెద్ద సంఘాలు ఈ పాఠం ఎంతో నష్టపోయాక నేర్చుకున్నాయి.

శిక్షణ అనగానే చాలా సంఘాలు ఒక వక్తను పిలిపించి పిల్లలకు మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి గంటసేపు చెప్పించి పని అయిపోయిందనుకుంటాయి. పిల్లలకు అది తెలియాలి, సందేహం లేదు. కానీ తనను తాను కాపాడుకునే బాధ్యత ఎనిమిదేళ్ల పిల్లవాడి నెత్తిన పెట్టి పెద్దలు నిశ్చింతగా కూర్చోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. శిక్షణ అవసరమైంది పాటలు నేర్పేవారికి, అన్నం వండేవారికి, ఆటో తోలేవారికి, పాస్టరు గారికి, మీకు. అది కూడా మీ ఊరి చర్చిని దృష్టిలో పెట్టుకొని ఉండాలి. మీ ఉత్తరంలో చర్చికి మరుగుదొడ్డి లేదని, పిల్లలు వెనక కంపచెట్లలోకి పోతారని ఒక ముక్క రాసి వదిలేశారు. నన్ను అడిగితే మీ జాబితాలో అన్నిటికంటే ముందు ఉండవలసింది అదే. ఎవరు తోడు పోతారు, ఎంత దూరంలో నిలబడతారు? వీబీఎస్‌కు బయటి ఊరి నుంచి వచ్చే బృందం రాత్రి ఎక్కడ పడుకుంటుంది? డిసెంబరులో క్యారల్స్‌కు అర్ధరాత్రి దాకా ట్రాక్టరు మీద తిరిగే పిల్లల తలలు ఎవరు లెక్కపెడతారు? ఇలాంటి ప్రశ్నలు అడిగితే ఏ పెద్దా ‘ఎవరిని మనసులో పెట్టుకొని’ అనలేడు. ఒంటరిగా బండి మీద తీసుకుపోకూడదన్న నియమం కూడా వాటి మధ్యే, అందరికీ ఒకటిగా, పాస్టరు గారికి సైతం వర్తించేలా పెట్టండి. నియమం అందరి మీదా పడితే మంచివాడికి అది రక్షణ అవుతుంది. రేపు ఎవరో లేనిపోని మాట అంటే, నేను ఏనాడూ పిల్లలతో ఒంటరిగా లేనని మీ కుర్రవాడు తలెత్తుకొని చెప్పగలుగుతాడు. మీ వారితోనూ ఈ మాటే అనండి. అక్క కొడుకును గెంటేయమని కాకుండా, అతడి మీద ఎవరూ వేలెత్తే పరిస్థితి రానివ్వవద్దని అడిగితే, ఆయన వినే అవకాశం ఎక్కువ.

అయినా పెద్దలు ఒప్పుకోకపోతే? మానుకోవడం మీ హక్కు. కానీ మీరు మానుకున్న మరునాడు కొంగు వెనక్కి వచ్చి నిలబడడానికి ఆ పిల్లవాడికి ఇంకెవరున్నారో ఒకసారి ఆలోచించండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. పక్క పల్లెల తల్లులు ‘ఆ టీచరమ్మ ఉంది’ అన్న ధైర్యంతోనే పిల్లలను పంపుతున్నారు. కనీసపు జాగ్రత్తలు కూడా లేవని తెలిసి మీరు ముందు నిలబడితే, లేని భద్రతకు మీ పేరు హామీ అవుతుంది. అందుకే ఆదివారం తరగతిని మీ చేతిలో ఉన్నంతవరకు మీ పద్ధతిలో, ఇద్దరు పెద్దలతో, తెరిచిన తలుపులతో నడుపుతూ, నియమాలు రాకపోతే ఈ ఏడాది వీబీఎస్ బాధ్యత తీసుకోనని మాత్రం ముందుగా చెప్పడం ఒక దారి. అలా చెప్పినప్పుడు ఆ బాధ్యత ఆ కుర్రవాడికే అప్పగించే ప్రమాదమూ ఉంది. అలా జరిగితే తల్లిదండ్రులకు మీరు ఏం చెప్పాలనుకుంటున్నారో ముందే నిర్ణయించుకొని ఆ మాట అనండి.

చివరగా, మొదట్లో ఆ బండి ఎక్కించి పంపింది మీరేనన్న వాక్యం. పిల్లవాడిని చీకట్లో నడిపించడం కంటే బండి మీద పంపడం మేలనుకొని పంపారు. ఊళ్లో ఎవరైనా అదే చేసేవారు, పాస్టరు గారూ అదే చేసి ఉంటారు. ఆ వాక్యాన్ని దాచుకోకండి. ఆయనతో మాట్లాడడానికి కూర్చున్నప్పుడు శిక్షణ గురించి, చట్టం గురించి మొదలుపెట్టే ముందు, “అయ్యగారూ, చీకటి పడిందని పిల్లలను ఒక్కొక్కరిగా బండి ఎక్కించి పంపింది నేనే, ఆ పని ఇంక చేయను, దానికి మీ సాయం కావాలి” అని చెప్పండి. ఎవరిని మనసులో పెట్టుకొని అని ఆయన అడిగితే ఈసారి మీ దగ్గర జవాబు ఉంటుంది.